డ్రిల్లు మాస్టారి జవాబులు: మనవడి బంతి, తాతగారి కొబ్బరికాయ

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి కుటుంబం అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటుంది. పదో తరగతి చదువుతున్న మనవడు బడి జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ స్థానమట. ఆ స్థానానికి పుట్టుకతో వచ్చిన కాళ్లే పెట్టుబడి, పెద్ద లీగులోకి వెళ్లాక కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదని మా అబ్బాయి వాదన. అందుకని పిల్లవాడి చేత పొద్దున పరుగులు, సాయంత్రం బరువులు, అంతే చేయిస్తున్నాడు. వృత్తిగా ఆడేవాళ్లు నిజంగా ఏటికేడు మెరుగుపడతారా? పడితే దేనివల్ల? పిల్లవాడు వేసవికి మన ఊరు వస్తున్నాడు.
— ఒక తాత, కవిటి

జవాబు: అయ్యా, మీ అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. పెద్ద లీగుదాకా వచ్చినవాడికి కాళ్లు ఉంటాయి. లేకపోతే గుమ్మంలోకి కూడా రానివ్వరు. కానీ అక్కడ అందరికీ ఉన్నవే కాబట్టి వాటితో ఒకడు మరొకడిని దాటిపోవడం కష్టం. పైగా ఈ స్థానంలో ఆడేవాళ్లలో చాలామందికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లకే కాళ్లు తగ్గుముఖం పడతాయి. వృత్తిలో అడుగుపెట్టాక కాళ్లకు పెరుగుదల కొద్దే, తరుగుదలే ఎక్కువ. అయినా రెండో ఏడు, మూడో ఏడు ఆట పెరిగినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చింది? చూపు నుంచి, ఓపిక నుంచి, బంతి పట్టిన చేతి నుంచి. నన్నడిగితే ఈ వరుసలోనే.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి. క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతిని దూరంగా విసురుతాడు, లేదా వెనక నిలబడిన రన్నింగ్ బ్యాక్ పొట్టలో పెడతాడు. ముందు వరుసలో ఉండే అయిదుగురు భారీ మనుషులు ఎదుటివాళ్లను తోసి దారి చేస్తారు. ఆ దారి కాగితం మీద గీసిన చోటే తెరుచుకుంటుందన్న భరోసా లేదు. తెరుచుకున్నా రెప్పపాటే.

కొత్తగా వచ్చిన కుర్రవాడు బోల్తాపడేది ఇక్కడే. కాలేజీలో అతను ఎదుటివాళ్లందరికన్నా వేగం. సందు ఎక్కడున్నా వేగంతో సర్దుకుపోయేవాడు. ఇక్కడ అదే వేగంతో దూసుకెళ్లి, దారి తెరుచుకోకముందే చేరి, సొంత జట్టువాడి వీపుకే గుద్దుకుంటాడు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు విజయనగరం మూడు లాంతర్ల దగ్గర చూడండి. కొత్తవాడు భుజాలతో తోసుకుంటూ పోయి ఉన్నచోటే ఇరుక్కుంటాడు. ఊరివాడు ఒక్క క్షణం ఆగి, ముందున్నవాళ్లు ఎటు ఒరుగుతున్నారో చూసి, ఖాళీ కాబోతున్న చోటికి జారుకుంటాడు. మంచి రన్నింగ్ బ్యాక్ చేసేదీ అంతే. ముందు దగ్గరి మనిషిని, ఆ వెంటనే అతని వెనకున్నవాడిని చూసి, ఒక్కసారి కాలు తిప్పి పోతాడు. రెండుసార్లు తిప్పితే పట్టుబడినట్టే.

ఈ చూపు వట్టి పరుగులతో రాదు. గదిలో కూర్చుని, గడిచిన ఆటల వీడియోలు ఆపి ఆపి చూస్తే వస్తుంది. ఎదుటి జట్టు ఏ వరుసలో నిలబడితే ఎవరు ఎటు కదులుతారో ముందే తెలిసినవాడికి మైదానంలో అర క్షణం మిగులుతుంది. ఆ అర క్షణం వేగంగా కనిపిస్తుంది గానీ వేగం కాదు, చదువు.

మీ మనవడుండే ఊరి జట్టు డల్లాస్ కౌబాయ్స్‌నే చూడండి. ఎమ్మిట్ స్మిత్ ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. వేగం చాలదన్నది అతని మీద ఉన్న ఫిర్యాదు. జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను తీసుకునే 1990 ఎంపికలో పదహారు మంది పేర్లు పిలిచాక గానీ అతని పేరు రాలేదు. తొలి ఏడు 241 పరుగుల్లో, అంటే అన్నిసార్లు బంతి పట్టి పరుగెత్తి, 937 గజాలు చేశాడు. మరుసటి ఏడు 365 పరుగుల్లో 1,563 గజాలు, లీగులోనే మొదటి స్థానం. నడుమ కాళ్లేమీ మారలేదు. మారింది దాడి పథకాలు రచించే కోచ్. 1991లో నార్వ్ టర్నర్ వచ్చాడు. స్మిత్ చేతికి బంతి ఎక్కువసార్లు అందింది, ముందు వరుస అలవాట్లు అతనికి ఒంటబట్టాయి. 2004 సీజన్‌తో ఆట ముగించేనాటికి అతని లెక్క 18,355 గజాలు. దాన్ని ఇంతవరకు ఎవరూ అందుకోలేదు. వేగం చాలదన్నవాళ్లు అప్పుడేమన్నారో వినాలని నాకు భలే సరదా.

ఒళ్లు అక్కరలేదని నేను అనడం లేదు. షికాగో బేర్స్‌కు ఆడిన వాల్టర్ పేటన్ పదమూడు సీజన్లలో ఒకే ఒక్క ఆటకు దూరమయ్యాడు, అదీ తొలి ఏడు. ఆ ఏడు 679 గజాలు, రెండో ఏడు 1,390, మూడో ఏడు 1,852. కుర్రతనంలో మిసిసిపీ రాష్ట్రంలో పెర్ల్ నది ఇసుకలో పరుగెత్తేవాడు. తరవాత షికాగో శివార్లలో ఒక నిటారు మిట్ట చూసుకుని దాన్ని ఎక్కి దిగుతూ ఉండేవాడు. శ్రీకాకుళంలో సైన్యం ర్యాలీకి తయారయ్యే పిల్లలు తెల్లవారుజామున నాగావళి ఇసుకలో చేసేది దాదాపు ఇదే. ఇసుక పాదాన్ని జారనిస్తుంది. జారిన పాదాన్ని నిలబెట్టుకోవడానికి తుంటి, పిక్క పనిచేస్తాయి. మన పిల్లలు 1600 మీటర్లు పూర్తి చేయడానికి పరుగెత్తితే, పేటన్ ఆట చివరిదైన నాలుగో పావులో కూడా కాళ్లలో సత్తువ మిగుల్చుకోవడానికి పరుగెత్తాడు. మీ సముద్రతీరంలో ఇసుకకు కొదవ లేదు, మనవడు వచ్చినప్పుడు వాడుకోండి. చెప్పులు లేకుండా వద్దు, గవ్వలు గుచ్చుకుంటాయి.

ఇక చెయ్యి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముచ్చట ఇది. న్యూయార్క్ జెయింట్స్ జట్టులో టికీ బార్బర్ అని ఒకడు. పరుగు బాగుండేది గానీ చేతిలోని బంతి జారిపోయేది. 2002లో తొమ్మిది సార్లు, 2003లో మళ్లీ తొమ్మిది సార్లు. ఆ ఆటలో బంతి జారడమంటే ఎదుటివాడికి ఆస్తి రాసివ్వడమే. 2004లో టామ్ కాఫ్లిన్ ముఖ్య కోచ్‌గా వచ్చాడు. అప్పటికి బార్బర్ ఏడు సీజన్లు ఆడినవాడు. అతనికి బంతి పట్టుకోవడం మొదటి నుంచి నేర్పించారు. మణికట్టు మోచేతికన్నా పైన ఉండాలి, బంతి గుండెకు ఎత్తుగా అదిమి ఉండాలి, అదే సారాంశం. 2004లో జారినవి అయిదు. 2005లో ఒక్కటి. ఆ ఒక్కటి జారిన ఏడే 1,860 గజాలు పరుగెత్తాడు, అప్పుడతని వయసు ముప్పై. వయసును బట్టి చూస్తే కాళ్లు దిగిపోవలసిన కాలం. జారుతుందన్న బెంగ పోయినవాడు గుంపులోకి జంకు లేకుండా వెళతాడని నా లెక్క.

మీది కవిటి కాబట్టి మీకొక ఉపాయం చెబుతాను. ఉద్దానంలో పుట్టినవారికి కొబ్బరికాయ కొనే పని లేదు. పీచు ఒలవని చిన్న కాయ ఒకటి తీసుకోండి. ఆకారం ఆ బంతికి దగ్గరగా ఉంటుంది, బరువు మాత్రం బాగా ఎక్కువ. అసలు బంతి నాలుగు వందల గ్రాముల చిల్లరే. కాయ ముచ్చిక మీద చూపుడువేలు, మధ్యవేలు విడదీసి పెట్టించండి. రెండో కొసను మోచేతి మడతలోకి నెట్టించండి. ముంజేయి కాయను కప్పాలి. మోచెయ్యి డొక్కకు అంటుకోవాలి, రొమ్ము రెండో పక్క గోడ కావాలి. ఇప్పుడు మణికట్టు పైకి. అలా పట్టుకుని తోటలో చెట్ల మధ్య పరుగెత్తమనండి. మీరు ఒక చెట్టు వెనక నిలబడి, వాడు దాటుతుంటే వెనక నుంచి కాయను కొట్టండి. వాడిని కాదు, కాయను. మలుపు తిరిగేటప్పుడు మోచెయ్యి డొక్కను వదిలి పక్కకు లేస్తుంది. కాయ ఊడేది సరిగ్గా అప్పుడే. దొంగచాటుగా కొట్టడం తాతలకు బాగానే వస్తుంది. కాయ కాలి మీద పడకుండా బూట్లు వేయించండి.

ఇంకొక్క సంగతి, టీవీలో ఎవరికీ కనబడనిది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరే వేళ చాలాసార్లు రన్నింగ్ బ్యాక్ పరుగెత్తడు. మీదికి ఉరికి వచ్చేవాడిని గుర్తుపట్టి అడ్డుకుంటాడు. ఎవడు వస్తాడో గుర్తుపట్టలేని కుర్రవాడిని, ఎంత పరుగు ఉన్నా, కోచ్ బెంచీ మీదే కూర్చోబెడతాడు. కొత్తవాళ్లు ఎందరో తొలి ఏడు ఆగిపోయేది ఇందుకే. మీ అబ్బాయితో చెప్పండి, సాయంత్రం బరువుల్లో కొంత తగ్గించి ఆ సమయంలో పిల్లవాడి పక్కన కూర్చుని గడిచిన ఆట చూడమని. ప్రతి ప్రయత్నానికి ముందు బొమ్మ ఆపి, “ఎవడు వస్తాడు?” అని అడగమనండి. జవాబు తప్పితే తిట్టవద్దనండి.

ప్రశ్న: సర్, రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ 2023లో న్యూయార్క్ జెయింట్స్ తరఫున 962 గజాలు చేశాడు. మరుసటి ఏడు ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు మారి 2,005 గజాలు చేశాడు. మెరుగుపడింది బార్క్‌లీనా, ముందు వరుసా? హాస్టల్‌లో దీని మీద పెద్ద గొడవ నడుస్తోంది.
— ఇంజనీరింగ్ విద్యార్థి, విజయనగరం

జవాబు: బాబూ, ఎక్కువ వాటా ముందు వరుసదే. ఒక్క వేసవిలో కాళ్లు రెండింతలు కావు. ఆ వరుసలో ఎడమ చివర నిలబడే జోర్డన్ మైలాటా ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆడి వచ్చాడు. 2018లో ఈగల్స్ అతన్ని ఎంచుకునేనాటికి అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడలేదు. ముందు వరుస కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్ అతన్ని పునాది నుంచి కట్టుకొచ్చాడు. నువ్వు బార్క్‌లీ మెరుగుదల అంటున్నావు, నేను మైలాటా మెరుగుదల అంటాను. పైగా ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ తానే బంతి పట్టుకుని పరుగెత్తగలడు. ఎవరి వెంట పడాలో తేల్చుకోలేక ఎదుటివాళ్లు ఒక్క అడుగు ఆగుతారు. ఆ అడుగే బార్క్‌లీకి చాలు.

అయితే దారి చేసింది వాళ్లయినా, దారి దాటాక జరిగింది అతని సొత్తు. 2024 నవంబరులో జాక్సన్‌విల్ జట్టు మీద, ఎదురుగా వచ్చినవాడికి వీపు చూపిస్తూ వెనక్కి ఎగిరి అతన్ని దాటాడు. దానికి ఏ ముందు వరుసా సాయపడదు. నేర్పమంటే నేనూ నేర్పలేను.

హాస్టల్ గొడవకు ఒక చిట్కా. గజాలను ఊరికే కూడవద్దు, పరుగులతో భాగించు. డెరిక్ హెన్రీని తీసుకో. టెన్నెసీ టైటాన్స్‌లో మొదటి అయిదేళ్లు 490, 744, 1,059, 1,540, 2,027 గజాలు. మెట్లెక్కినట్టు ఉంది కదా? కానీ మొదటి రెండేళ్లు అతని ముందు డెమార్కో మరే ఉన్నాడు, హెన్రీ చేతికి బంతి వచ్చింది 110 సార్లు, 176 సార్లు. చివరి ఏడు 378 సార్లు. పెరుగుదలలో పెద్ద భాగం అవకాశానిదే. ఇప్పుడు భాగించు. మొదటి ఏడు పరుగుకు నాలుగున్నర గజాలకు కొంచెం తక్కువ, రెండో ఏడు అంతకన్నా తగ్గింది, అయిదో ఏడు 5.4 దాకా వెళ్లింది. పరుగుకు ఆ ఒక్క గజమే అసలైన మెరుగుదల. వెయ్యి గజాల అంకె చూసి చప్పట్లు కొట్టేవాళ్లకు ఇది రుచించదు, నీకు లెక్కలు వచ్చు కాబట్టి చెబుతున్నాను. అదే హెన్రీ ముప్పయ్యో ఏట, 2024లో బాల్టిమోర్ రేవెన్స్‌కు మారి 1,921 గజాలు చేశాడు. పక్కన లమార్ జాక్సన్ ఉన్నాడు, అతనూ పరుగెత్తే క్వార్టర్‌బ్యాకే. మీ గొడవలో రెండు పక్షాలకూ తలా ఒక ఉదాహరణ ఇచ్చాను, ఇక పడుకోండి.

ప్రశ్న: మాస్టారూ, నేను కాలేజీ కబడ్డీ జట్టులో రైడర్‌ని, కూతకు వెళ్లేదాన్ని. మా జట్టులో నాదే ఎక్కువ వేగం. మొదటి సగంలో పాయింట్లు వస్తాయి. రెండో సగంలో ప్రతిసారీ ఎదుటి జట్టులో కుడి కార్నర్ (కుడి మూల కాపు కాసే) అమ్మాయి నా చీలమండ పట్టేస్తోంది. ఇంకా వేగంగా కదలమంటున్నారు మా కోచ్ గారు.
— డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, పొందూరు

జవాబు: అమ్మా, మీ కోచ్ గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, నీకు వేగం చాలు. పై రెండు జవాబులు చదివి ఉంటే నేనేమంటానో నీకే తెలిసి ఉంటుంది. మొదటి సగమంతా ఆ అమ్మాయి నిన్ను చదివింది. నువ్వు వెనక్కి తిరిగే ముందు ప్రతిసారీ ఒకే కాలు ముందుకు చాపుతూ ఉండాలి. ఎంత వేగంగా చాపినా ఆమెకు ఆ చోటు తెలుసు. పందెం వేస్తాను.

నీ స్నేహితురాలిని ఎండ్ లైన్ వెనక కూర్చోబెట్టి ఫోనులో నీ రైడ్లు తీయించు. శబ్దం తీసేసి, నీ పాదాలు మాత్రమే చూడు. నీ అలవాటు నీకే కనబడుతుంది. తరవాత ఆ అమ్మాయి పాదాలు చూడు. చీలమండకు దూకబోయే కార్నర్ ముందు మడమలు లేపుతుంది, బరువు మునివేళ్ల మీదికి వస్తుంది. మొహం ఎన్ని నాటకాలైనా ఆడుతుంది, మడమకు ఆడటం రాదు. ఒక్కో రైడుకు నీకు ఉన్నది ముప్పై సెకన్లు. మొదటి పది చూడటానికి ఖర్చు పెట్టు. నువ్వు ఎదుటి సగంలోని బాక్ లైన్ దాటగానే తాకడానికి తొందరపడతావు, ఆ తొందర ఆమెకు ఉపకారం. ఎదుట ఆరుగురు, అంతకన్నా ఎక్కువ మంది ఉన్నప్పుడు, అదనపు పాయింటు ఇచ్చే బోనస్ గీత వైపు కాలు చూపించి, ఆమె మడమ లేచాక వెనక్కి లాగు. ఖాళీ దూకుడుకు ఆమె ఒకసారి మోసపోతే, రెండోసారి దూకడానికి ఆలోచిస్తుంది.

ప్రదీప్ నర్వాల్ పాత ఆటల వీడియోలు చూస్తూ ఉండు. ప్రో కబడ్డీ అయిదో సీజన్‌లో ఒక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. చేతులు కలిపి గొలుసు కట్టినవాళ్ల కిందుగా వంగి జారిపోయే డుబ్కీ అతని సొత్తు. అది వేగంతో జరుగుతుందని అందరూ అనుకుంటారు. గొలుసులో ఎవరి చేతులు పైకి లేచాయో చూశాకే అతను వంగేవాడు.

ప్రశ్న: డ్రిల్లు మాస్టారికి అమెరికా ఆటలెందుకు? మన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారి గురించి, కరణం మల్లీశ్వరి గారి గురించి రాయవచ్చు కదా.
— ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: రాస్తాను, అడిగితే. కవిటి తాతగారు మనవడి గురించి అడిగారు, రామమూర్తి గారు పుట్టిన వీరఘట్టం గురించి చెబితే ఊరుకుంటారా? మా అమ్మాయి ఇంట్లో చలికాలం గడిపినప్పుడు మంచు వల్ల బయటికి వెళ్లలేక అల్లుడితో కలిసి ఈ ఆట చూశాను. చూసినదాన్ని దాచుకోలేని జబ్బు నాకుంది. మల్లీశ్వరి గారు సిడ్నీలో 2000లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ 130 తరవాత 137.5 కిలోలకు వెళ్లి తప్పిన ప్రయత్నం గురించి మీరు ప్రశ్న పంపండి, పేజీ నింపుతాను.

ప్రశ్న: మా కోడలు, నేను ఆదివారం రాత్రి ఈ ఫుట్‌బాల్ చూస్తున్నాం. అందరూ ఒకరి మీద ఒకరు పడిపోతారు, ఏమీ అర్థం కాదు. రన్నింగ్ బ్యాక్ బాగా ఆడాడో లేదో ఎలా తెలుస్తుంది?
— బ్యాంకులో విరమించిన ఉద్యోగిని, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, మొదట బంతిని చూడటం మానేయండి. బంతి అందుకున్నాక అతని మొదటి రెండు అడుగులు చూడండి. నెమ్మదిగా, మోకాళ్లు వంచి వేస్తున్నాడంటే దారి చదువుతున్నాడు. తరవాత ముందు వరుసలో ఖాళీ కనబడిన చోటికే వెళ్లాడా, లేక గీసిన గీత మీద గుడ్డిగా వెళ్లి గుద్దుకున్నాడా చూడండి. చివరగా, పట్టుబడి పడేటప్పుడు ముందుకు పడ్డాడా, వెనక్కి పడ్డాడా? ముందుకు పడినవాడికి ప్రతిసారీ ఒక గజమో, గజమున్నరో అదనంగా దక్కుతుంది. ఒక ఆటలో ఇరవై సార్లు పరుగెత్తితే ఎంతవుతుందో బ్యాంకులో పనిచేసినవారికి నేను చెప్పనక్కరలేదు. రెండు వారాలు ఇలా చూశాక కూడా అర్థం కాకపోతే మీ కోడలి పేరు మీద మళ్లీ ఉత్తరం రాయండి.